ఊరి పేరే ఇంటిపేరు

చర్చి పక్కగదిలో పసిగుడ్డు ఏడుపు వినగానే హెస్టర్‌కు పాలు చేపుకొచ్చాయి. శాలువా గబగబా ముందుకు లాక్కుంది.

నిన్న తెల్లవారుజామున వింటర్‌బీ చర్చి గుమ్మంలో ఆ బిడ్డను పడుకోబెట్టి వెళ్లింది తనే. ఆ సంగతి బయటపడితే తనకు జైలు. బిడ్డకు పట్నంలోని శరణాలయం. అక్కడ చలికాలం దాటిన పసివాళ్లు లేరు.

మరేం చేస్తుంది? మొగుడు పోయాడు. ఏ ఊళ్లో అడుగుపెట్టినా, "మా దానివి కావు, పో" అంటూ పొలిమేర దాటించారు. తల్లెవరో తెలియని బిడ్డను మాత్రం తరమడానికి లేదు. ఊరి పేరే ఇంటిపేరుగా పెట్టి ఊరే సాకాలి. వింటర్‌బీలో అలా దొరికినవాళ్లకు తప్ప ఆ ఇంటిపేరు మరెవరికీ ఉండదు.

ఇప్పుడు పాలిచ్చే దాదిగా వచ్చి, ఊరిపెద్దల ముందు నిలబడింది.

"అవతలి ఊరి గట్టు మీద పడేస్తే పోయేది," గొణిగాడు గిడ్లీ అనే రైతు. "వీడి నోరు, మన రొట్టె!"

"నీ నోటికన్నా చిన్నదేలే, ఊరుకో," అన్నాడు పేదల బాగోగులు చూసే అధికారి. కరుకు మొహం. ఆయన హెస్టర్ వైపు తిరిగాడు.

"నీ బిడ్డేడి?" గద్దించాడు.

"పోయాడు దొరా."

"ఎప్పుడు? మొన్ననా?"

"అవును... మొన్న."

"జ్వరమొచ్చా?"

"జ్వరమే దొరా."

బిడ్డ గుక్కపట్టాడు. హెస్టర్ ఆగలేకపోయింది. "ఊరుకో సైలస్, ఊరుకో నాన్నా!"

గిడ్లీ లేచి నిలబడ్డాడు.

"పేరింకా పెట్టనే లేదు, సైలస్ అని నీకెలా తెలిసిందే?"

అంతా అయిపోయింది. హెస్టర్ బిడ్డను చివరిసారి చూసుకుంది.

"చచ్చిపోయిన నీ కొడుకు పేరు కదూ?" అధికారి విసుక్కున్నాడు. "కడుపుకోత తల్లి, నోరు జారింది. కానీండయ్యా, అదే రాసేయండి. మళ్లీ ఇంకో పేరు వెతకడమెందుకు?"

హెస్టర్ తల ఊపింది. కళ్లుండీ గుడ్డివాడు, బతికించాడనుకుంది. బిడ్డను గుండెకు హత్తుకుంది.

రాసింది అందరికీ వినిపించాలి. గుమాస్తా గొంతు సవరించుకున్నాడు.

"చర్చి గుమ్మంలో దొరికిన మగబిడ్డ, సైలస్ వింటర్‌బీ. పాలిచ్చి పెంచేది, హెస్టర్. విచారించి, తృప్తిపడి సంతకం చేసిన అధికారి, రూబెన్ వింటర్‌బీ."