విరిచిన కొమ్మలు

ఇద్దరిని నరికి, గొడ్డలితోనే అడవిలోకి పారిపోయాడు వాడు.

"నేను ముందు పోతానమ్మా," అన్నాడు హెడ్ కానిస్టేబుల్, ఎస్సైతో. "ఎప్పట్లాగే చెవి ఎత్తున కొమ్మలు విరుచుకుంటూ పోతా. శవాల పని చూసుకుని, ఆ గుర్తులు పట్టుకుని రండి."

"కనిపిస్తే కాల్చెయ్ బాబాయ్. వాడితో మాటలు పెట్టుకోకు."

మధ్యాహ్నానికి ఆమె తుపాకీ తీసి అడవిలోకి దిగింది. విరిచిన ప్రతి కొమ్మకూ పాలు ఇంకా కారుతున్నాయి. బాబాయ్ దగ్గర్లోనే ఉన్నాడని ఆమె ప్రాణం కుదుటపడింది. అడుగుల వేగం పెంచింది.

ఆయన పొదలో బోర్లా పడి ఉన్నాడు. మెడ సగానికి తెగింది. నెత్తురు ఎండి చీమలు పట్టాయి. తెగిపడిన కుడిచేతి పిడికిట్లో, ఆయన చివరగా విరిచిన కొమ్మ వాడిపోయి ఉంది.

ఆమె తలెత్తింది. ఎదురుగా, చెవి ఎత్తున, ఇంకో కొమ్మ విరిగి వేలాడుతోంది.

దానికీ పాలు కారుతున్నాయి.