దొంగజేబు

టైలరు తన చొక్కాలన్నిటికీ లోపలివైపు ఒక దొంగజేబు కుట్టుకునేవాడు. క్వార్టర్ సీసా అందులో చక్కగా ఇమిడేది. పెళ్లాం కళ్లు కప్పానని ఏళ్లతరబడి మురిసిపోయాడు.

తాగి తాగి క్లోమం పాడైంది. దాంతో షుగరొచ్చింది. ఇన్సులిన్ తీసుకుంటే షుగర్ ఉన్నట్టుండి పడిపోవచ్చు, గ్లూకోజు పొట్లం ఎప్పుడూ దగ్గరుండాలన్నాడు డాక్టరు. తాగుడు మానేసినా, అలవాటు కొద్దీ ఆ పొట్లాన్నీ దొంగజేబులోనే దాచుకున్నాడు టైలరు.

ఒక మధ్యాహ్నం చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడి మిషను మీదికి వాలిపోయాడు. భార్య పరుగెత్తుకొచ్చి, ఎక్కడా వెతక్కుండా తిన్నగా దొంగజేబులో చెయ్యి పెట్టింది. గ్లూకోజు నీళ్లలో కలిపి తాగించింది.

తేరుకున్నాక నెమ్మదిగా అడిగాడు: "ఈ జేబు సంగతి నీకెలా తెలుసు?"

"కుట్టింది మీరు. ఇన్నేళ్లూ ఉతికింది నేను కదండీ!"