ఫస్టు రాకూడదు

సొంత కూతురిని ఓడించాలని బైకు మెకానిక్ బుధవారం నిర్ణయించుకున్నాడు. పోటీ ఆదివారం. పని చిన్నదే, కంగారేం లేదు.

ఆ సాయంత్రమే స్కేటింగ్ కోచ్ తల్లిదండ్రులందరినీ స్కూల్లో కూర్చోబెట్టి సంగతి చెప్పాడు. ఆదివారం ఫస్టు వచ్చిన పిల్లలు స్కూలు తరఫున పెద్ద పోటీలకు వెళ్తారు. అందుకు కొత్త రేసు బూట్లు కావాలి, విడిగా ఇంకో జత చక్రాలు కావాలి, ఒంటికి అతుక్కునే డ్రెస్సు, హెల్మెట్, రానూపోనూ ప్రయాణం, హోటలు. వీటితోపాటు కోచ్‌గారి ప్రయాణం, కోచ్‌గారి హోటలు. ఖర్చంతా ఫస్టు వచ్చినవాళ్ళ ఇంట్లోవాళ్ళదే.

"ఎవరికైనా ఇబ్బందా?" అనడిగాడు కోచ్.

మెకానిక్ చుట్టూ చూశాడు. బ్యాంకు ఆఫీసరు చిరునవ్వు చెదరకుండా కూర్చున్నాడు. బట్టల షాపు మేడమ్ నిండుగా తలూపింది. పళ్ళ డాక్టరైతే ఏకంగా చప్పట్లు మొదలుపెట్టాడు, మిగతావాళ్ళు అందుకున్నారు. ఇంతమంది ఉన్నవాళ్ళ మధ్య లేదనడానికి మెకానిక్‌కి నోరు రాలేదు. తనూ చప్పట్లు కొట్టాడు, అందరికంటే గట్టిగా.

అతని షాపులో అమ్మితే నాలుగు డబ్బులొచ్చే వస్తువు టైర్లకు గాలి పట్టే కంప్రెసర్ ఒక్కటే. అది పోతే సగం షాపు మూసుకున్నట్టే.

"పంపలేమని చెప్పేద్దామా?" అన్నాడు ఇంటికొచ్చి భార్యతో.

"చెప్పండి. ఆ స్కేట్లు పక్కలో పెట్టుకుని పడుకుంది. లేపి మరీ చెప్పండి," అంది ఆమె.

చెప్పలేదు. గెలవకపోతే అసలు చెప్పే పనే ఉండదు కదా అనిపించింది.

అయితే ఆ పిల్ల ఓడిపోయే రకం కాదు. దాని స్కేట్లు ఎవరో వాడి పారేసినవి, మహా మొండివి. మిగతా పిల్లలవి ఒక్క తోపుకు జారిపోతుంటే, వీటిని అడుగడుగునా తొక్కి తొక్కి నడపాలి. ఆ తొక్కుడుకు దాని కాళ్ళు రాటుదేలిపోయాయి. ప్రాక్టీసులో అప్పుడే రెండుసార్లు ఫస్టు వచ్చింది. తండ్రి గుండెల్లో రాయి పడింది అందుకే.

శుక్రవారం మధ్యాహ్నం కూతురు క్లాసులో ఉండగా, మెకానిక్ షాపులో ఆ స్కేట్లు విప్పాడు. చక్రం లోపల బేరింగులుంటాయి. పల్చటి నూనె ఉంటే అవి చురుగ్గా తిరుగుతాయి. ఎప్పుడో ఒక లారీ డ్రైవరు వదిలేసిపోయిన చిక్కటి నీలం గ్రీజు కూరితే బద్ధకంగా తిరుగుతాయి. పిల్ల పడదు, దెబ్బ తగలదు. మనసుకు తగులుతుంది. దానికి ఐస్‌క్రీం ఉంది.

వేలితో గ్రీజు తీశాడో లేదో, "ఏమండీ, ఉన్నారా?" అంటూ బ్యాంకు ఆఫీసరు లోపలికొచ్చాడు.

మెకానిక్‌కి పైప్రాణాలు పైనే పోయాయి. స్కేట్ల మీద పాత గుడ్డ కప్పేసి, దాని మీద కూర్చున్నాడు.

"మా గేటు కిర్రుమంటోంది, కాస్త గ్రీజు ఉంటే ఇస్తారా?"

"నూనె చుక్క వేస్తే సరిపోతుంది సార్."

"అబ్బే, నూనె ఆగట్లేదు."

ఎంత తొందరగా పంపిస్తే అంత మంచిదని మెకానిక్ కూర్చున్నచోటు నుంచే డబ్బా అందించాడు. ఆఫీసరు కావలసినంత తీసుకుని వెళ్ళాడు. డబ్బా అప్పటికే అడుగంటింది. వానలు పడ్డాయి కదా, షట్టరు బిగుసుకుందని ఒకరు, తలుపు పట్టేసిందని ఒకరు పట్టుకుపోయారు. మిగిలిన కాస్తలోనూ పిల్ల ఎక్కడ తూలుతుందోనని భయపడి, మెకానిక్ చక్రానికి చిటికెడే పెట్టాడు.

ఆదివారం పొద్దున చేతులు కిరోసిన్‌తో కడిగి, సబ్బుతో రుద్ది, వాసన చూసుకుని మరీ బయల్దేరాడు.

"నాన్నా, నా చక్రాలు చూశావా?" అంది కూతురు లేసులు కట్టుకుంటూ.

"చూశానమ్మా."

"అయితే భయం లేదు."

మెకానిక్‌కి తల కొట్టేసినట్టయింది. అక్కడికక్కడే విప్పి తుడిచేద్దామనుకున్నాడు. ఈలోగా కోచ్ విజిల్ వేశాడు.

దాన్ని రేసు అనడానికి మనసొప్పదు. పిల్లలంతా ఒక్క ఊపున ముందుకు తోసుకుని, ఆ ఊపులోనే ఆగిపోయారు. మళ్ళీ తోశారు, మళ్ళీ ఆగారు. బ్యాంకు ఆఫీసరు కొడుకు రాని పాఠం చదువుతున్నవాడిలా నిలబడిపోయాడు. డాక్టరుగారి అమ్మాయి మధ్యలో ఏడుపు లంకించుకుంది. కోచ్ వంగి నేలను తడిమి చూసి, వానకు చెమ్మ పట్టిందన్నాడు.

మొండి చక్రాలు తొక్కడం కొత్తకాని పిల్ల అక్కడ ఒక్కతే ఉంది. అది రోజులాగే తొక్కుకుంటూ పోయి, గీత దాటి, "నాన్నా!" అని అరిచింది.

మెకానిక్ కళ్ళముందు కంప్రెసర్ కదలాడింది. అయినా ఆ అరుపు విన్నాక అతనికి ఏడుపొచ్చింది. సగం కంప్రెసర్ కోసం, సగం సంతోషానికి. ఏ సగం పెద్దదో అతనికే తెలియలేదు.

అప్పటిదాకా కింద కూర్చుని ఓడిపోయిన పిల్లల స్కేట్లు ఊడదీస్తున్న తల్లిదండ్రులు లేచి అతని దగ్గరకొచ్చారు. ఒక్కరి ముఖంలోనూ దిగులు లేదు. బ్యాంకు ఆఫీసరు అందరికంటే ముందొచ్చి, అతని చేతులు రెండూ పట్టుకుని ఊపాడు.

"మీ అమ్మాయి మమ్మల్ని గట్టెక్కించిందండీ," అన్నాడు.

అతను వదిలాక మెకానిక్ తన చేతులు చూసుకున్నాడు. కిరోసిన్‌తో కడిగిన చేతుల నిండా నీలం గ్రీజు.

తలెత్తి చూస్తే, వరసలో తర్వాత బట్టల షాపు మేడమ్, ఆమె వెనక పళ్ళ డాక్టరు, ఆ వెనక మిగతా అమ్మానాన్నలు, అభినందించడానికి చాచిన చేతులన్నీ నీలంగానే ఉన్నాయి.