వెలిసిన ఎరుపు

"నువ్వు కారు నడిపితే నత్తలు కూడా నవ్వుతాయే," అంది హెల్వీ, కెనడాలోని థండర్ బే ఊళ్ళో కంటి డాక్టరు గదిలో కూలబడుతూ. ఎడమకన్ను మసకబారి, తిప్పితే నొప్పి పుడుతుంటే చెల్లెలు ఇర్మాయే ఆమెను తీసుకొచ్చింది.

"కీళ్ళు పట్టేశాయక్కా."

"నీకు పట్టనిది పనొక్కటే!"

ఇర్మాకు నాలుగేళ్ళుగా లూపస్, ఒంటి రక్షణశక్తే కీళ్ళమీద దాడిచేసే జబ్బు. హెల్వీ దృష్టిలో అది ఒట్టి బద్ధకం.

డాక్టరు ఒక్కో కన్నూ మూయించి, మందుసీసా ఎర్రమూత చూపించాడు. కుడికంటికి ఎర్రగానే ఉంది. ఎడమకంటికి మాత్రం వెలిసిపోయిన ఇటుక రంగులో కనిపించింది. స్కూలు బస్సు నడిపే హెల్వీ కళ్ళు మార్చి మార్చి మూసి మళ్ళీ చూసింది.

"కంటినరం వాచింది. ఒంటిని కాపాడాల్సిన శక్తే ఒంటిమీద తిరగబడినా ఇలా అవుతుంది. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుంటాయా?"

హెల్వీ చేతులు కోటు జేబుల్లో దాచుకుంది. "మాది చెట్లు నరికిన వంశం డాక్టర్. అలాంటివి మాకు రావు."

"ఏడాదిగా వేణ్ణీళ్ళలో చేతులు పెట్టందే స్టీరింగ్ పట్టుకోలేకపోతోంది," అంది ఇర్మా మెల్లగా.

"నీకెవరు చెప్పారే?"

"కాఫీ కప్పు రెండు చేతుల్తో పట్టుకుంటున్నావుగా. నేనూ అంతే, వేణ్ణీళ్ళతో సహా."

అంతా తెలిసి కూడా, ఇన్నాళ్ళ ఎత్తిపొడుపులకు ఇర్మా ఒక్క మాట బదులివ్వలేదు.

"ఇంట్లో ఇంకెవరికైనా ఇలాంటి జబ్బుందా?" అడిగాడు డాక్టరు.

ఈసారి జవాబు అక్కకే వదిలింది ఇర్మా. ఆమెకేసి చూసింది.

"మా చెల్లికి ఉంది డాక్టర్, లూపస్," అంది హెల్వీ.

ఆ పేరు ఆమె నోట రావడం అదే మొదటిసారి.