ట్రిప్ షీటు

శ్రీశైలం నడుపుతున్న ఆఫీసు క్యాబ్ అప్పటికే రెండుసార్లు డివైడర్‌ను రాసుకోబోయి తప్పించుకుంది. అతని ఒంటి మీద నల్లబట్టలు, మెడలో అయ్యప్ప మాల. కానీ విభూతి, కర్పూరం వాసనలో కలిసి మందు వాసన కొడుతోంది.

నీళ్ల సీసా కొనాలని చెప్పి అమీర్‌పేటలో దిగాను. రూపాయి బిళ్ల ఫోన్ నుంచి పోలీసులకు బండి నంబరు చెప్పాను. పేరు అడగ్గానే పెట్టేశాను. మళ్లీ ఎక్కకపోతే చెప్పింది నేనేనని అతనికి తెలిసిపోతుంది. రోజూ మా ఇంటి గేటు దాకా వచ్చే మనిషి. ఎక్కాను.

పంజగుట్ట చౌరస్తాలో కానిస్టేబుల్ బండి ఆపాడు. లోపలికి వంగి చూసి, మాల కనబడగానే చేతులు జోడించాడు.

"స్వామి శరణం! మీరు తాగిండ్రని ఎవరో ఫోన్ చేసిండ్రు. మాలేసుకున్నోళ్ల మీద సుత గిట్ల చెప్తరా?" అని నావైపు తిరిగాడు. "ఏం మేడమ్, స్వామి మంచిగనే నడుపుతుండు గద?"

అద్దంలోంచి శ్రీశైలం ఎర్రటి కళ్లు నన్నే చూస్తున్నాయి.

"బాగానే నడుపుతున్నారండీ" అన్నాను.

ఖైరతాబాద్‌లో ఆఫీసు ముందు దిగుతుంటే అతను ట్రిప్ షీటు అందించాడు. 'ప్రయాణం సురక్షితం' అన్న గడిలో రోజూలాగే సంతకం చేసి ఇచ్చాను.

"జర జల్ది పోవాలె మేడమ్. మాసబ్ ట్యాంక్ల ఇంక ముగ్గురున్నరు" అంటూ బండి ఉరికించాడు.

ఫోన్‌లో నేను చెప్పని పేరు ఆ కాగితం మీద ఇంటిపేరుతో సహా ఉంది.