కుంపటి గదిలో పిట్ట

అలా కాదు తల్లీ, ముందు పిట్ట సంగతి రాయి. మీ నాన్న సంగతి తర్వాత.

నల్లమందు మాన్పించే క్యాంపులో కూర్చుని, 'నాది గట్టి మనసు కాదు, నా మీద ఆశ వదిలేసుకోండి' అని కబురు పెడతాడా మీ నాన్న ఫరామర్జ్? రాయి, చెబుతాను.

మా యదుల్లా బాబాయి మాతోనే ఉండేవాడు. కెర్మాన్ చలి నీకు తెలిసిందే. ఇల్లంతటికీ వెచ్చటి గది ఒక్కటే. భోజనాలు కాగానే ఆయన అందులో కుంపటి ముందు చేరేవాడు. నల్లమందు గొట్టం అందుకునేవాడు. పొగ పైకి లేచేది. పైన పంజరంలో పిట్ట గొంతెత్తేది.

"చూశావురా, నేనంటే దానికెంత ప్రాణమో!" అని మురిసిపోయేవాడు.

ఓ ఏడాది బాబాయి మష్హద్ యాత్రకి వెళ్ళాడు. మర్నాటి నుంచే పిట్ట ఈకలు ఉబ్బించుకుని వణకడం మొదలుపెట్టింది. గింజ ముట్టదు. మీ నానమ్మకి విసుగొచ్చేసింది.

"ఇటు పిల్లాడు, అటు పిట్ట! ఎవరి గోలని వినను? వీడికైతే పళ్ళొస్తున్నాయి, దానికేం వస్తోందట?"

"బాబాయి మీద బెంగ," అన్నాను.

"మీరు నెలల తరబడి ఊళ్ళు తిరిగితే నేనెప్పుడైనా ఇలా తిండి మానేశానా?" అంది.

ఇక పిట్ట దక్కదనే అనుకున్నాం. ఇంతలో బాబాయి వచ్చాడు. పంజరం వంక చూడనైనా లేదు, కుంపటి రాజేశాడు. పొగ లేచిందో లేదో, పిట్ట పాట అందుకుంది. పిల్లాడి ఏడుపూ ఆగింది, ఇల్లంతా సద్దుమణిగింది. ఆ రాత్రి మీ నానమ్మ కూడా కంటినిండా నిద్రపోయింది.

అప్పుడు అర్థమైంది నాకు. దానికి కావాల్సింది బాబాయి కాదు, పొగ.

"పిట్టకి నల్లమందు అలవాటేమిట్రా, వెర్రివాడా!" అని బాబాయి ఒకటే నవ్వు.

నేను వినలేదు. ఒక్కసారిగా తీసేస్తే చస్తుందని, పంజరాన్ని కొంచెం కొంచెంగా జరిపాను. ముందు గుమ్మం దగ్గరికి. తర్వాత వసారాలోకి. చలి తగ్గాక పిస్తా చెట్టు కొమ్మకి. వణికింది, అలిగింది, అయినా బతికింది. చెట్లు చిగురు వేసేసరికి పొగ వాసనైనా లేకుండా పాడింది.

ఇదంతా మీ నాన్నకి చదివి వినిపించు తల్లీ, ఆ పంజరం కిందే తన ఉయ్యాల ఉండేదని, ఆ ఉయ్యాలని మాత్రం మేమెవ్వరం జరపలేదని చెప్పు.