చప్పుడు లేని ఫ్యాన్

"చప్పుడు అస్సలు రాకూడదు బావా," అంటూ మా చెల్లెలి మొగుడు కంప్యూటర్‌ని నా కౌంటర్ మీద పెట్టాడు. "మంచం పక్కనే ఉంటుంది. లోపలున్న ఈ పాత ఫ్యాన్ రొదకి కన్ను మూతపడి చావట్లేదు."

ఆస్తి పంపకాల నాడు పదిమందిలో "చదువురాని మొద్దువి, నోర్మూసుకో" అని నన్ను గుమ్మం బయటికి గెంటిన మనిషి. పని పడితే మాత్రం నా షాపే గుర్తొస్తుంది. ఆ రోజు చెల్లెలు కిమ్మనకుండా నిలబడింది. ఇప్పుడూ అతని వెనకాల అలాగే నిలబడింది.

రెండు ఫ్యాన్లు తీసి కరెంటు ఇచ్చాను. పెద్దది నిదానంగా తిరుగుతూనే గాలి బాగా తోలుతుంది. చిన్నది అంత గాలి ఇవ్వాలంటే పరుగెత్తి కందిరీగలా మోగాలి. రోడ్డు మీది లారీల హోరులో ఆ తేడా చెవికి అందదు.

"చిన్నది చూడండి, ఎంత నెమ్మదో!" అన్నాను.

అతను చెవి ఒగ్గి తలూపాడు. "నువ్వేమంటావే?" అని పెళ్లాన్ని అడిగాడు.

పెళ్లికి ముందు ఈ షాపులో నాతోపాటు ఫ్యాన్లు బిగించిన పిల్ల. ఏది అరుస్తుందో తనకి తెలుసు.

"అన్నయ్య మీకు చెడు చెబుతాడా? చిన్నదే పెట్టించండి," అంది.

అతను ఫోనొచ్చి బయటికి వెళ్లగానే గొంతు తగ్గించాను. "ఆ గదిలో నువ్వూ పడుకోవాలి కదే?"

"పంపకాల రాత్రి నీ తరఫున ఒక్క మాటన్నాను. అప్పట్నించీ నా పడక వంటింట్లోనే." స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చింది. "గట్టిగా బిగించు అన్నయ్యా."